పల్లకి కింద భుజాలు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. పేరు వేయవద్దని మనవి. నాకు 41 ఏళ్ళు, పక్క మండలంలో హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. మా ఊరి రామాలయానికి మా నాన్నగారు పదహారేళ్ళు కార్యదర్శిగా చేశారు. ఆయన పోయాక, ఆరేళ్ళ కిందట, వరుసకు నాకు బాబాయి అయ్యే పెద్దమనిషి అధ్యక్షుడయ్యారు. హైదరాబాదులో కాంట్రాక్టులు చేసి సంపాదించినవారు. సొంత డబ్బు 18 లక్షలు పెట్టి గాలిగోపురం కట్టించారు, మండపమంతా గ్రానైటు పరిపించారు. గుడి చూడముచ్చటగా ఉంది, జనమే లేరు. శనివారం భజనకు ఒకప్పుడు ముప్పై మంది కూర్చునేవారు, ఇప్పుడు నలుగురు. మొన్న శ్రీరామనవమికి పల్లకి మోయడానికి మనుషులు చాలక మనిషికి 600 రూపాయల కూలి ఇచ్చి పొరుగూరి నుంచి పిలిపించారు. వచ్చే ఏడాది ట్రాక్టరు మీద ఊరేగిద్దాం, లైటింగు కూడా బాగుంటుంది అంటున్నారు బాబాయి. చందాలు ఒక్క రూపాయి తగ్గలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందని ఆయన వాదన. లెక్కలు అడిగితే "జేబులోంచి పెడుతున్నవాణ్ణి, నన్నే అడుగుతావా?" అంటారు. మా వీధి కుర్రాళ్ళు విడిగా భజన మందిరం కట్టుకుందామని, నన్ను ముందుండమని అడుగుతున్నారు. నాలుగు సెంట్ల స్థలం ఇస్తామన్నవారూ ఉన్నారు. నా సందేహం ఒక్కటే. దేవుడి కోసం వచ్చేవాళ్ళు ఒక మనిషి నచ్చక మానేస్తారా? మానేస్తే అది భక్తేనా? కుర్రాళ్ళతో వెళ్ళనా, ఉండిపోనా?

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరంలో 18 లక్షల గోపురం దగ్గర నేను ఆగలేదు. 600 రూపాయల దగ్గర ఆగిపోయాను. సొంత ఊరి రాముణ్ణి సొంత వీధుల్లో మోయడానికి కూలి మనుషుల్ని పిలిపించారంటే, ఆ ఊళ్ళో జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయింది. మీ బాబాయిగారికి అది కనిపించకపోవడానికి కారణం ఆయన చూస్తున్నది చందా పుస్తకం కావడమే.

చందా ఇవ్వడానికి భక్తి అక్కరలేదు, మొహమాటం చాలు. అధ్యక్షుడే నలుగురిని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వస్తే ఎవరు కాదంటారు? ఇంట్లోంచి ఆవిడ "ఐదు వందల పదహార్లు రాయించెయ్యండి, పని అయిపోతుంది" అంటుంది. ఆ ఐదు వందల పదహార్లతో ఆ కుటుంబం ఏడాదిపాటు గుడికి రాకుండా ఉండే హక్కు కొనుక్కున్నట్టే. భుజం సంగతి వేరు. ఇంటింటికీ తిరిగి భుజాలు వసూలు చేయలేరు. తెల్లవారుజామున లేచి వచ్చి తలంబ్రాల బియ్యం ఏరమని రసీదు పుస్తకం పట్టుకుని అడగలేరు. అందుకే నాయకుడి మీద మనసు విరిగినప్పుడు జనం ముందు గొంతు తీసేస్తారు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత చేతులు. డబ్బు అన్నిటికన్నా చివర ఆగుతుంది. చందాలు తగ్గాక మేలుకుందామంటే అప్పటికి పిలవడానికి మనుషులుండరు.

ఇక అది భక్తేనా అన్న ప్రశ్న. ఇందులో రెండు రకాల గుళ్ళను మీరు కలిపేస్తున్నారు. తిరుమల చూడండి. 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల చేతుల్లో ఉంది. తర్వాత చట్టం చేసి దేవస్థానం కమిటీకి ఇచ్చారు. ఆపైన ఎన్ని పాలకమండళ్ళు మారాయో, ఎన్ని వివాదాలు పత్రికలకెక్కాయో మనకు తెలుసు. కొండ ఎక్కేవాడు మాత్రం అధ్యక్షుడెవరో కనుక్కుని ఎక్కడు. వాడు మొక్కు తీర్చుకుని దిగిపోతాడు. క్యూలో ముందున్నవాడి పేరు కూడా వాడికి అక్కరలేదు.

మీ రామాలయం అలాంటిది కాదు. రాముడి పటం ప్రతి ఇంట్లోనూ ఉంది. దణ్ణం పెట్టుకోవడానికే అయితే ఎవరూ చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా రానక్కరలేదు. శనివారం రాత్రి తాళాలు పట్టుకుని వచ్చేది పక్కన నలుగురు కూర్చుంటారని, రామదాసు కీర్తన ఒకరు ఎత్తుకుంటే తాము అందుకోవచ్చని. అలా కలిసి కూర్చోవడమే అక్కడి గుడి. దాన్ని ఎవరో ఒకరు నడపాలి. నడిపేవాడు చెడగొడితే చెడిపోయేదీ అదే. మీ ఊరివాళ్ళు రాముణ్ణి వదిలిపెట్టలేదు మాస్టారూ, ఇళ్ళకు తీసుకుపోయారు. వాళ్ళ భక్తిని శంకించకండి.

పాపం, మీ బాబాయిగారి వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. ఆయన దొంగ కాదు. మీరు కూడా అలా రాయలేదు, అందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. ఇచ్చినవాడే, అదీ ధారాళంగా ఇచ్చినవాడు. చిక్కు అక్కడే ఉంది. ఒక్కడు 18 లక్షలు ఇచ్చి ఆ సంగతి గోడమీద పాలరాతి మీద చెక్కించాక, నూటపదహార్లు ఇచ్చేవాడి చెయ్యి ఎంత ముడుచుకుపోతుందో ఊహించండి. గ్రానైటు సంగతి కూడా అంతే. ఇదివరకు మీ మండపంలో ఏముండేది? సిమెంటు గచ్చో, మట్టి నేలో. శుక్రవారం సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు వచ్చి కడిగి ముగ్గు పెట్టేవారై ఉంటారు. గ్రానైటు మీద ముగ్గు ఎక్కువసేపు నిలవదు, పైగా తుడవడానికి ఇప్పుడు జీతానికి మనిషి ఉండి ఉంటాడు. ఆ నలుగురి పని పోయింది. పనితోపాటు వాళ్ళు ప్రతివారం అక్కడ అడుగుపెట్టే కారణం కూడా పోయింది. వాళ్ళు రాకపోతే వాళ్ళ వెంట వచ్చే పిల్లలు రారు. ఆ పిల్లలే పదేళ్ళ తర్వాత పల్లకి కిందకు రావలసిన భుజాలు. బాబాయిగారు గుడికి ఇవ్వగలిగినదంతా ఇచ్చారు, ఊరివాళ్ళు ఇవ్వడానికి ఏమీ మిగల్చలేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా కాలనీ గుడికి మూడేళ్ళు కోశాధికారిగా ఉన్నాను. మొదటి ఏడు అన్నదానానికి నా లెక్క తప్పింది. రెండు వందల మంది వస్తారనుకుని వండించాం, నూట ఇరవై మంది వచ్చారు. పెద్ద గుండిగెడు అన్నం, సగం సాంబారు మిగిలాయి. సగం పంచిపెట్టాం, సగం పారబోశాం. ఆ ఖర్చును "ఇతరములు" పద్దులో కలిపేయమని కమిటీలో ఒక పెద్దాయన నెమ్మదిగా సలహా ఇచ్చారు. నాకు కూడా అదే బాగుందనిపించింది, అబద్ధమెందుకు ఆడాలి! కానీ ఉగాది నాడు లెక్కలు చదువుతుంటే ఆ పద్దు దగ్గర గొంతు ఆగిపోయింది. అన్నం పారబోశామని మైకులోనే చెప్పేశాను. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ లేచి, "పెళ్ళిళ్ళు చేసిన ఇంటి దానివేనా నువ్వు? బియ్యం కొలవడం రాదూ?" అని అందరి ముందూ కడిగి పారేసింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మరుసటి ఏడు అన్నదానం నాటి ఉదయం ఆరు గంటలకు చూస్తే ఆవిడ సోలతో సహా వచ్చి వంటవాడి పక్కన కూర్చుని ఉంది. నేను ఆ బాధ్యతలో ఉన్నన్నాళ్ళూ బియ్యం ఆవిడే కొలిచింది. "ఇతరములు" అని రాసి ఉంటే ఆవిడకు తిట్టే అవకాశం ఉండేది కాదు, సోల తెచ్చే అవకాశమూ ఉండేది కాదు.

కుర్రాళ్ళ మందిరం విషయానికి వస్తాను. ఇందులో తొందరపడకండి. విడిపోవడం తప్పని నేను అనను. మన దేశంలో మంచి సమాజాలు కొన్ని అలా విడిపోయే పుట్టాయి. ఒకటి చెబుతాను, కుర్రాళ్ళకు కూడా చెప్పండి. బెంగాలులో బ్రహ్మసమాజమనే సంస్కరణ సంఘానికి నాయకుడు కేశవచంద్ర సేన్ గొప్ప వక్త. ఆయన ఉపన్యాసం విని ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన యువకులున్నారు. ఆయన పట్టుదల వల్లనే 1872లో వివాహ చట్టం వచ్చింది, వధువుకు 14 ఏళ్ళు, వరుడికి 18 నిండాలని. ఆరేళ్ళు తిరిగేసరికి, 1878లో, 14 నిండని తన కూతురిని కూచ్ బెహార్ సంస్థానాధీశుడికి ఇచ్చి చేశారు. ఆ వరుడికీ 18 నిండలేదు. అదేమంటే అది దైవాదేశం అన్నారు. అనుచరులు నిలదీశారు, నిరసన లేఖలు రాశారు, ఆయన వినలేదు. ఆ ఏడాది మే 15న కలకత్తాలో సమావేశమై సాధారణ బ్రహ్మసమాజం పెట్టుకున్నారు.

ఆ 'సాధారణ' అన్న మాట గమనించండి. ఇది ఒకరి సొత్తు కాదు, అందరిదీ అని. వాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఎవరు నాయకుడు అన్నదానికంటే నాయకుడు ఎలా ఉండాలన్నది ముందు తేల్చుకున్నారు. ఎన్నికైన కార్యవర్గం, సభ్యుల మాటకు విలువ, నిబంధనావళి. సొంత ప్రార్థనా మందిరం వాళ్ళకు 1881లో గానీ సిద్ధం కాలేదు. ఇంకో తమాషా కూడా ఉంది. కేశవచంద్రుడే 1866లో అప్పటి సమాజ పెద్ద దేవేంద్రనాథ ఠాకూర్‌తో విభేదించి బయటికి వచ్చి వేరే సమాజం పెట్టినవాడు. జంధ్యం వేసుకున్నవారిని వేదిక మీద కూర్చోబెట్టకూడదని తగువు. పెద్దాయన మాటే శాసనమా అని అడిగి వచ్చినవాడు పన్నెండేళ్ళకు తన మాటనే దైవశాసనం చేశాడు. మీ కుర్రాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, విడిపోయి వచ్చినంత మాత్రాన ఆ జబ్బు అంటదనుకోకండి.

కాబట్టి నాలుగు సెంట్ల స్థలం గురించి మాట్లాడే ముందు వాళ్ళను ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయమనండి. అధ్యక్షుడు ఎన్నాళ్ళు ఉంటాడు? లెక్కలు ఎప్పుడు, ఎవరి ముందు చదువుతారు? స్థలం ఇచ్చినాయనకు ప్రత్యేకమైన మాట ఉంటుందా? ఈ కాగితం రాయలేకపోతే వాళ్ళు కడుతున్నది చిన్న గ్రానైటు గుడి. రాయగలిగితే, ఆ కాగితం పట్టుకుని ముందు పాత గుడికే వెళ్ళవచ్చు కదా?

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీరు 'ముప్పై మంది' అన్నారు, 'ఊరంతా' అన్న ధ్వని ఉత్తరం నిండా ఉంది. ఆ ముప్పై మంది ఏ వీధులవాళ్ళు? మీ నాన్నగారి రోజుల్లో పల్లకి ఏ పేటదాకా వెళ్ళి వెనక్కి తిరిగేది? బొంగు పట్టుకునే అవకాశం ఎవరెవరికి ఉండేది? నాకు తెలియదు, మీకు తెలుసు. చాలా ఊళ్ళలో పల్లకి ఒక మలుపు దగ్గర ఆగి తిరిగి వచ్చేస్తుంది, ఎందుకని ఎవరూ అడగరు. భుజాలు చాలక పొరుగూరి నుంచి కూలికి తెచ్చారు సరే, మీ ఊళ్ళోనే ఇన్నాళ్ళూ ఎవరూ పిలవని భుజాలు లేవా?

చిలుకూరు బాలాజీ గుడికి హైదరాబాదు నుంచి అంతమంది ఎందుకు వెళతారో ఎప్పుడైనా ఆలోచించారా? వీసా మొక్కుల సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ హుండీ లేదు, టికెట్టు దర్శనం లేదు, పెద్దవాళ్ళకు వేరే వరుస లేదు. నూట ఎనిమిది ప్రదక్షిణలు ఎంతటివాడైనా సొంత కాళ్ళతో చేయాలి. ఆ గుడి అర్చకుడు రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథుడి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తీసుకువెళ్ళారు. అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును శ్రీరంగం అర్చకుడు లోకసారంగముని భుజాల మీద మోసిన కథను మునివాహన సేవ అంటారు కదా, అదే. ఒక్క రోజు మోస్తే ఏమి మారుతుందని కొందరు పెదవి విరిచారు, విరవనివ్వండి. అర్చకుడి భుజం మీద ఎవరున్నారో చూసినవాళ్ళు ఆ గుడి తమదో కాదో ఉపన్యాసం లేకుండానే తెలుసుకుంటారు. మీ ఊళ్ళో ఎవరూ ఎవరినీ మోయనక్కరలేదు. పల్లకిని ఆ మలుపు దాటిస్తే చాలు.

దీనికి మీ బాబాయిగారు అడ్డం పడతారనే మీ అనుమానం. పడవచ్చు. లేదా, ఆశ్చర్యంగా, ఇదే ఆయనకు నచ్చవచ్చు. పెద్ద పనులు చేసి పేరు తెచ్చుకోవాలనుకునే మనిషికి పెద్ద పని చూపించడంలో తప్పులేదు.

ఆయనతో కమిటీ సమావేశంలో మాట్లాడకండి. నలుగురిలో అడిగితే అధ్యక్షుడు జవాబు చెబుతాడు, ఇంట్లో అడిగితే బాబాయి చెబుతాడు. పొద్దున్నే, ఆయన పేపరు చదువుకునే వేళకు వెళ్ళండి. లెక్కలన్న మాటతో మొదలుపెట్టకండి, 600 రూపాయలతో మొదలుపెట్టండి. "బాబాయిగారూ, మీరు ఇంత చేశాక కూడా మన పల్లకికి కూలి మనుషులు కావలసివచ్చారు. నాకు నిద్ర పట్టలేదు. మీకు పట్టిందా?" అని అడగండి. ఆయనకూ పట్టి ఉండదు. ట్రాక్టరు ఆలోచన అందుకే వచ్చింది. పల్లకి మోసేవాళ్ళు లేరన్న సంగతి లైటింగులో కనబడదని.

తర్వాత ఒకే ఒక్కటి కోరండి. వచ్చే ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక గుడి అరుగు మీద ఏడాది జమా ఖర్చులు చదవాలి, చదివేది ఆయనే కావాలి. "ఎవరో అడిగారని కాదు, 18 లక్షలు ఇచ్చినవారు నూటపదహార్లకు కూడా లెక్క చెప్పారని ఊరు చెప్పుకుంటుంది" అనండి. ఇందులో కొంచెం ముఖస్తుతి ఉందని నాకు తెలుసు. ఉండనివ్వండి, అబద్ధం లేదు కదా. పట్నంలో ఉద్యోగాలు చేస్తూ ఫోనులో డబ్బు పంపే పిల్లలకు కూడా ఆ లెక్క కాగితం పంపించండి. పంపిన డబ్బుకు ఉలుకూ పలుకూ లేకపోతే, తమ ఊరి గుడి ఒక అప్పులవాడిలా అనిపిస్తుంది వాళ్ళకు.

ఆయన వినకపోతే? అప్పుడు గుడి ఎవరి కింద ఉందో చూడండి. దేవాదాయ శాఖ పరిధిలో ఉంటే 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది, ధర్మకర్తల నియామకమూ లెక్కలూ ఆ చట్టం ప్రకారమే జరగాలి. సంఘంగా రిజిస్టరు చేసి ఉంటే 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపవలసిందే. కానీ కాగితాలతో గెలిచిన గుడికి భుజాలు వస్తాయని హామీ ఇవ్వలేను. అది చివరి దారి. ఆ దారి కూడా మూసుకుపోతే అప్పుడు కుర్రాళ్ళతో వెళ్ళండి, మీ మనసులో ఏ గుచ్చుకోవడమూ ఉండదు.

మిమ్మల్నే అధ్యక్షుణ్ణి చేస్తే ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, ఉత్తరం అడుగున ఆ ప్రశ్న నాకు వినిపిస్తూనే ఉంది. రెండేళ్ళకు మించి ఉండనని మొదటి రోజే మైకులో చెప్పేయండి. ఫ్లెక్సీ మీద రాముడి బొమ్మ తప్ప మరెవరిదీ వద్దు, మీది అసలే వద్దు. పానకం కలిపేదీ, వడపప్పు నానబెట్టేదీ, తలంబ్రాలు కలిపేదీ ఆడవాళ్ళే కదా, కమిటీలో వాళ్ళెందుకు లేరో నాకు ఈనాటికీ అర్థం కాదు. పూజారిగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడండి. కమిటీలు మారినా ప్రతి ఇంటి గోత్రం, ప్రతి పిల్లవాడి నక్షత్రం గుర్తున్నది ఆయనకే, ఊళ్ళో ఎవరెందుకు రావడం మానేశారో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కుర్రాళ్ళకు కుర్చీలు మోసే పని ఒక్కటే ఇవ్వకండి. భజనలో హార్మోనియం ఇప్పటికీ ఎవరో ఒక పెద్దాయన ఒళ్ళోనే ఉండి ఉంటుంది. పక్కకు జరిపి నేర్పించమనండి.

మీ నాన్నగారు పదహారేళ్ళు కార్యదర్శి అన్నారు కదా. ఆ కాలపువాళ్ళు లెక్కలు రాసిన నోటు పుస్తకాలు పారేయరు. అటక మీద వెతకండి. పానకానికి ఎన్ని కిలోల బెల్లం, పందిరికి ఎన్ని తాటాకులు, ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, అన్నీ ఉంటాయి. బాబాయిగారింటికి వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి. ఆ పుస్తకంలో ఎక్కడో ఒకచోట, ఇంకా కాంట్రాక్టులు మొదలుపెట్టని రోజుల్లో, ఆయన పేరు కూడా పల్లకి మోసినవాళ్ళ వరసలో ఉండే ఉంటుంది. ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టి, కాసేపు మీరేమీ మాట్లాడకండి.

ఏం జరిగిందో తప్పక రాయండి. ఆ రోజు ఇంట్లో కాఫీ ఇచ్చారో లేదో కూడా రాయండి.